పది నిమిషాలు తిరిగి ఆగిపోయే టిల్లర్: బాగు చేయించాలా, మార్చేయాలా?

వీకెండ్‌రైతు | 14 జూన్ 2025, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా చదువుతున్నానే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పలేదు.

వికారాబాద్ వైపు మాకు ఎకరం పది గుంటల ఎర్ర చెలక ఉంది. అందులో ముప్పావు వంతు మామిడి. మిగతా పన్నెండు గుంటల్లో వంగ, టమాట, మిరప, ఓ మూల కొంచెం పసుపు. నా ఉద్యోగం హైదరాబాద్‌లో, వ్యవసాయం శని, ఆదివారాలే. అమ్మ మాత్రం అక్కడే ఉంటుంది. నాలుగేళ్ల కింద ఆన్‌లైన్‌లో 63 సీసీ టూ స్ట్రోక్ (పెట్రోల్లో ఆయిల్ కలిపి నడిపే రకం) టిల్లర్ ఒకటి 17 వేలకు కొన్నాను. దాని పెట్టె మీద ఉన్న కంపెనీ పేరు ఇప్పుడు వెతికితే ఎక్కడా దొరకడం లేదు.

సమస్య ఏమిటంటే, పొద్దున రెండుసార్లు తాడు లాగితే చాలు స్టార్టవుతుంది. పది, పన్నెండు నిమిషాలు బాగా దున్నుతుంది. ఆ తర్వాత రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఇక భుజం ఊడేలా లాగినా పలకదు. అరగంట మామిడిచెట్టు కింద పెడితే, ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది! కొత్త ప్లగ్ వేశాను, ఎయిర్ ఫిల్టర్ కడిగాను. బైక్ మెకానిక్ దగ్గర కార్బరేటర్ రెండుసార్లు క్లీన్ చేయించాను. ఏం లాభం లేదు.

మృగశిర కార్తె వచ్చి వారమైంది. గడ్డి మోకాళ్ల దాకా ఉంది. బాగు చేయించాలా, పడేసి కొత్తది కొనాలా?

నల్లరేగడి_గుంటూరు | 14 జూన్ 2025, రాత్రి 8:32

పడేయండి బ్రదర్. ఆ 63 సీసీలు ఆటబొమ్మలు. నేనూ ఒకటి కొని మిరపలో ఒక సీజన్ తిప్పాను. ఇప్పుడు అది పశువుల కొట్టంలో కోళ్లు ఎక్కి కూర్చోవడానికి పనికొస్తోంది. 7 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ పవర్ వీడర్ (కలుపు తీసే పెద్ద మిషన్) తీసుకోండి, మళ్లీ ఇలాంటి పోస్టు రాయాల్సిన అవసరం రాదు.

స్పానర్‌బాబాయ్ | 14 జూన్ 2025, రాత్రి 9:05

నల్లరేగడి గారూ, జబ్బేమిటో తెలియకుండానే పాడె కట్టేస్తున్నారు.

బాబూ వీకెండ్‌రైతు, నేను తెనాలి దగ్గర చిన్న ఇంజన్లు బాగుచేస్తుంటాను. స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, నీళ్ల మోటార్లు, నీలాంటి వాళ్ల టిల్లర్లు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఆగిపోయేదానికి నా అనుభవంలో నాలుగే కారణాలు. ట్యాంక్ మూతలో గాలి రంధ్రం మూసుకుపోవడం, ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ వేడికి చచ్చిపోవడం, స్విచ్ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగలడం, ఆయిల్ తక్కువై పిస్టన్ పట్టేయడం. ఈ నాలుగింటిలో ఏదో తెలియాలంటే అది ఆగిన క్షణంలోనే చూడాలి. అరగంట చల్లార్చి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ అది బుద్ధిగానే నడుస్తుంది. మెకానిక్ కూడా ఏదో ఒకటి చేసినట్టు కనిపించాలి కాబట్టి కార్బరేటర్ విప్పుతాడు. నేనూ కుర్రతనంలో అదే చేశాను.

రేపు ఆగిన వెంటనే ముందు ట్యాంక్ మూత తిప్పు. ఉస్సుమని గాలి లోపలికి లాక్కుంటే, ఆ వెంటనే తాడు లాగితే స్టార్టయితే, తప్పు మూతదే. పిన్నీసుతో రంధ్రం పొడిస్తే సరి, ఖర్చు సున్నా. అలా కాకపోతే ప్లగ్ విప్పు. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, కరెంటు రావడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే అందడం లేదు. రంగు కూడా చూసి చెప్పు.

తడిగా ఉంటే ట్యాంక్ మూత గట్టిగా బిగించి, ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని ఇనుము భాగాన్ని సిలిండర్ రెక్కలకు ఆనించి తాడు లాగించు. నీలి నిప్పురవ్వ టక్ మనాలి. ప్లగ్ తీసిన రంధ్రానికి మాత్రం దూరంగా ఆనించు, అందులోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. కనుబొమలు కాల్చుకున్న వాళ్లను చూశాను.

పెరటితోట_అక్క | 14 జూన్ 2025, రాత్రి 9:40

ఖమ్మం నుంచి నేను. నా దగ్గరా ఇలాంటి టూ స్ట్రోకే ఉంది, ఆరేళ్లుగా నడుస్తోంది. నా పది గుంటలకు అది ఏనుగుతో సమానం. ఇంతకీ తమ్ముడూ, లీటరు పెట్రోలుకు ఆయిల్ ఎంత కలుపుతున్నావు?

వీకెండ్‌రైతు | 14 జూన్ 2025, రాత్రి 9:52

20 మి.లీ. అక్కా. 2టీ (టూ స్ట్రోక్ ఇంజన్ల) ఆయిల్ డబ్బా మీద 50:1 అని ఉంది కదా అని అంతే పోస్తున్నాను.

పెరటితోట_అక్క | 14 జూన్ 2025, రాత్రి 9:58

డబ్బా మీద కాదు, మిషన్ పుస్తకంలో చూడు. ఈ రకం మిషన్లకు చాలావాటికి 25:1 రాస్తారు, అంటే లీటరుకు 40 మి.లీ. నువ్వు నాలుగేళ్లుగా సగమే పోస్తున్నావేమో!

వీకెండ్‌రైతు | 14 జూన్ 2025, రాత్రి 10:15

పుస్తకం దొరికింది. 25:1 అనే ఉంది. ఇప్పుడు కొత్త టెన్షన్ మొదలైంది.

స్పానర్‌బాబాయ్ | 14 జూన్ 2025, రాత్రి 10:20

కంగారు పడకు. పిస్టన్ గీరుకుపోయి ఉంటే పొద్దున స్టార్టవడానికే ఏడిపించేది. మఫ్లర్ రెండు బోల్టులు విప్పితే ఆ కన్నంలోంచి పిస్టన్ కనిపిస్తుంది, టార్చి వేసి చూడు. నున్నగా ఉంటే నీ అదృష్టం. నిలువుగా గోళ్లతో గీసినట్టు చారలుంటే అప్పుడు వేరే సంగతి మాట్లాడుకుందాం. పనిలో పని, మఫ్లర్ మూతి దగ్గర జాలీ ఉంటే దాన్ని వైరు బ్రష్‌తో రుద్దు. మసితో మూసుకుపోయి ఉంటుంది.

రేపటి నుంచి 40 మి.లీ. కలుపు. పోసే ముందు డబ్బా బాగా ఊపు.

న్యూజెర్సీ_వంకాయ | 15 జూన్ 2025, ఉదయం 6:30

ఇక్కడ మా ఇంటి వెనక నాలుగు మడులే, గుత్తివంకాయ కోసం. నా చిన్న టిల్లర్ ఏటా చలికాలం షెడ్డులో పడుకుని ఏప్రిల్‌లో మొరాయించేది. పాత పెట్రోలే కారణమని తెలియడానికి మూడేళ్లు పట్టింది. ఇక్కడ పెట్రోల్లో మామూలుగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అక్కడ ఇప్పుడు 20 శాతం కదా? ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీళ్లు అడుగుకు దిగుతాయి, పాత రకం రబ్బరు పైపులూ కార్బరేటర్‌లోని పలుచని రబ్బరు పొరా గట్టిపడతాయి. పని అయ్యాక ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపి పెట్టండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.

వీకెండ్‌రైతు | 15 జూన్ 2025, మధ్యాహ్నం 1:15

రిపోర్టు. పిస్టన్ నున్నగా ఉంది, వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ బాకీ.

పదకొండో నిమిషానికి ఆగింది. మూత తిప్పాను, ఉస్సు లేదు, బుస్సు లేదు. లాగితే స్టార్టవలేదు. ప్లగ్ విప్పితే తడిగా ఉంది, రంగు కాఫీ పొడిలా. అమ్మ చేత తాడు లాగించి చూశాను. నిప్పురవ్వ లేదు. ఇరవై ఐదు నిమిషాల తర్వాత మళ్లీ లాగితే టక్ టక్ మని వచ్చింది. అంటే కాయిలేనా? ఆర్డర్ పెట్టేయనా?

స్పానర్‌బాబాయ్ | 15 జూన్ 2025, మధ్యాహ్నం 1:40

ఆగు, డబ్బులు తర్వాత. కాయిల్ నుంచి హ్యాండిల్ మీది స్విచ్‌కు ఒక సన్నని నల్ల వైరు వెళ్తుంది. దాన్ని కాయిల్ దగ్గర పీకేసి ఒకసారి నడుపు. అప్పుడూ ఆగితే కాయిల్‌దే తప్పు. ఆగకపోతే వైరు ఎక్కడో చర్మం ఒలిచి బాడీకి తగులుతోంది, రెండు రూపాయల ఇన్సులేషన్ టేపుతో పోతుంది. వైరు పీకాక స్విచ్ పనిచేయదు. ఆపాలంటే చోక్ మూసెయ్. ఈ పరీక్ష అయ్యేదాకా దున్నే పళ్లు నేలలో దింపకు, ఖాళీగానే నడుపు, అమ్మగారిని దూరంగా ఉండమను.

వీకెండ్‌రైతు | 15 జూన్ 2025, సాయంత్రం 5:20

వైరు పీకినా ఆగింది. ఖాళీగా కాబట్టి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. కాయిల్ ఆర్డర్ పెట్టాను, 650 రూపాయలు.

స్పానర్‌బాబాయ్ | 15 జూన్ 2025, సాయంత్రం 5:45

బిగించేటప్పుడు కాయిల్‌కూ ఫ్లైవీల్ మాగ్నెట్‌కూ మధ్య ఒక విజిటింగ్ కార్డు పెట్టు. మాగ్నెట్ కాయిల్‌ను లాక్కుంటుంది, అలాగే స్క్రూలు బిగించి కార్డు లాగెయ్. ఆ కార్డు మందమే సందు, ఇంచుమించు 0.3 మి.మీ. పెళ్లి శుభలేఖ వాడకు, మందం ఎక్కువ. ఇది నిజంగా ఒకాయన చేశాడు.

వీకెండ్‌రైతు | 22 జూన్ 2025, రాత్రి 7:30

కాయిల్ వేశాను. ఇవాళ గంటా పదిహేను నిమిషాలు ఆగకుండా తిరిగింది. బాబాయ్, తెనాలి వస్తే స్వీట్ బాక్సు నాది. నల్లరేగడి గారూ, ఆటబొమ్మ బతికింది.

నల్లరేగడి_గుంటూరు | 22 జూన్ 2025, రాత్రి 8:02

శుభం. చూద్దాం ఎన్నాళ్లో.

వీకెండ్‌రైతు | 16 ఆగస్టు 2025, సాయంత్రం 6:40

నల్లరేగడి గారి నోటివాక్కు ఫలించింది.

పోయిన రెండు వారాలు వానలు, నేను వెళ్లలేదు. ఇవాళ మామిడిలో దున్నుతుంటే గర్ర్ మని, రోట్లో రాళ్లు రుబ్బినట్టు శబ్దం. ఇంజన్ అరుస్తోంది, పళ్లు మాత్రం తిరగడం లేదు. పైకెత్తితే తిరుగుతున్నాయి, నేలకు ఆనించగానే ఆగిపోతున్నాయి. క్లచ్ అరిగిందా?

చెలక_పటేల్ | 16 ఆగస్టు 2025, రాత్రి 7:15

క్లచ్ షూ అరిగితే కాలిన వాసన వస్తదన్నా, రాళ్ల శబ్దం రాదు. ఇది గేర్‌బాక్స్ లెక్కనే ఉంది. బాబాయ్ ఏమంటరో చూద్దాం.

స్పానర్‌బాబాయ్ | 16 ఆగస్టు 2025, రాత్రి 8:30

పటేల్ గారు సరిగ్గా పట్టుకున్నారు. పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకి పక్కకు పెట్టు. (ఇది మర్చిపోయి పళ్లలో చెయ్యి పెట్టొద్దు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరో ఒకరు పెడతారు.) చేతికి గ్లవ్స్ వేసుకుని పళ్లను తిప్పి చూడు. ఈ చిన్న మిషన్ల గేర్‌బాక్స్‌లో ఉక్కు వార్మ్ (మర చుట్లున్న కడ్డీ), దానికి ఆనుకుని కంచు చక్రం ఉంటాయి. వార్మ్ చక్రాన్ని తిప్పుతుంది కానీ చక్రం వార్మ్‌ను తిప్పలేదు. అందుకే గేర్‌బాక్స్ బాగుంటే చేత్తో తిప్పినప్పుడు కొంచెం కదిలి టక్కున ఆగాలి. ఆగకుండా తిరుగుతూ పోతే కంచు పళ్లు అరిగిపోయినట్టే.

తర్వాత ఆయిల్ బోల్టు విప్పి కాస్త తెల్ల గుడ్డ మీద పోసి చూడు. గేర్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చావు?

వీకెండ్‌రైతు | 16 ఆగస్టు 2025, రాత్రి 8:41

గేర్ ఆయిల్ అని వేరే ఉంటుందా?

నల్లరేగడి_గుంటూరు | 16 ఆగస్టు 2025, రాత్రి 8:43

😂😂😂

వేదిక_నిర్వాహకుడు | 16 ఆగస్టు 2025, రాత్రి 9:00

నవ్వండి కానీ, మొదటి ఏడాది ఇక్కడ ఎంతమందికి తెలుసో చేతులెత్తండి. నేను ఎత్తను.

వీకెండ్‌రైతు | 17 ఆగస్టు 2025, ఉదయం 11:20

చేత్తో తిప్పితే గిలకలా గిరగిరా తిరిగింది. ఆయిల్ బోల్టు విప్పితే రెండు చెంచాలు కూడా రాలేదు. వచ్చిందాంట్లో బంగారు పొడి మెరుస్తోంది, ఎండలో పెడితే అమ్మ ముక్కుపుడకంత మెరుపు. పళ్ల ఇరుసు విప్పితే లోపల గరిక వేళ్లు, పాత డ్రిప్ లేటరల్ (నీళ్ల సన్న పైపు) ముక్క ఒక జానెడు తాడులా చుట్టుకుని ఉన్నాయి. వాటి కింద ఆయిల్ సీల్ చీలిపోయి ఉంది.

స్పానర్‌బాబాయ్ | 17 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:10

జరిగిందంతా నీ పోస్టులోనే ఉంది. లేటరల్ చుట్టుకుంది, సీల్ కోసుకుపోయింది, ఆయిల్ కారిపోయింది, దుమ్ము లోపలికి పోయింది, కంచు అరిగింది. నాలుగేళ్లు లాక్కొచ్చిందంటే ఆ మిషన్‌కు దండం పెట్టాలి.

పెరటితోట అక్క గారిది ఆరేళ్లు ఎందుకు నడుస్తోందో అడుగు.

పెరటితోట_అక్క | 17 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:45

రహస్యమేం లేదు. పని అయిన ప్రతిసారీ పళ్ల పిన్ను తీసి, ఇరుసుకు చుట్టుకున్న గడ్డిని పాత కూరగాయల కత్తితో కోసేస్తాను. ఏడాదికోసారి 90 నంబరు గేర్ ఆయిల్ మారుస్తాను. డ్రిప్ ఉన్న మడిలో లేటరల్ చుట్టేశాకే మిషన్ దింపుతాను. ఇంకోటి, నేను నేలలో తడి పదును చూసుకుని దున్నుతాను. ఎండి రాయిలా ఉన్న చెలకలో ఆ చిన్న పళ్లు దింపితే నేల మీద గంతులేస్తుంది. ఆ దెబ్బ అంతా గేర్ మీదే పడుతుంది.

వీకెండ్‌రైతు | 23 ఆగస్టు 2025, రాత్రి 9:10

సిటీలో విడిభాగాల షాపుల్లో అడిగాను. వార్మ్, చక్రం, బేరింగులు, సీళ్లు కలిపి 6,200. బిగించడానికి 1,500. అంటే 7,700. అదీ కొలతలు సరిపోతేనే, మీ కంపెనీ గేర్ కచ్చితంగా ఇదేనని చెప్పలేం అన్నారు. ఇదే సైజు కొత్తది 16 నుంచి 19 వేలు చెబుతున్నారు. 7 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ 50 వేల పైనే.

ఇప్పుడు నిజంగానే మొదటి ప్రశ్న దగ్గరికి వచ్చాను. మార్చాలా?

స్పానర్‌బాబాయ్ | 23 ఆగస్టు 2025, రాత్రి 9:35

మార్చెయ్. అవును, నేనే అంటున్నాను. కాయిల్ 650 పెట్టడం న్యాయం. సగం ధర పెట్టి, సరిపోతుందో లేదో తెలియని గేర్ వేయడం న్యాయం కాదు. కానీ ఇంజన్‌ను పాత ఇనుపవాడికి ఇవ్వకు. దాని సంగతి తర్వాత చెబుతాను.

నల్లరేగడి_గుంటూరు | 23 ఆగస్టు 2025, రాత్రి 9:41

హమ్మయ్య. 7 హెచ్‌పీ. రివర్స్ గేర్ ఉన్నది. మా ఊళ్లో మిరప సాళ్లలో అందరివీ అవే.

పెరటితోట_అక్క | 23 ఆగస్టు 2025, రాత్రి 10:05

నల్లరేగడి అన్నగారూ, మీది నల్లరేగడి, మీకు ఆ బరువు కావాలి, మీరు రోజూ నడుపుతారు. తమ్ముడి పొలంలో వారం మధ్యలో ఉండేది వాళ్లమ్మ గారు. 80 కిలోల మిషన్‌ను సాలు చివర ఆవిడ తిప్పగలరా? బండిలోకి ఎక్కించాలన్నా ఇద్దరు కావాలి.

ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మామిడిలో అసలు ఎందుకు దున్నుతున్నావు తమ్ముడూ?

వీకెండ్‌రైతు | 23 ఆగస్టు 2025, రాత్రి 10:12

గడ్డి పోవడానికి అక్కా. తుంగ మరీ ఎక్కువైంది. నెలకు రెండుసార్లు దున్నినా మళ్లీ వస్తోంది.

పెరటితోట_అక్క | 23 ఆగస్టు 2025, రాత్రి 10:30

దున్నుతున్నావు కాబట్టే వస్తోంది! తుంగకు నేలలో గడ్డలుంటాయి, ఒక దాని నుంచి ఇంకోదానికి దారంలాంటి వేరు. టిల్లర్ పళ్లు ఆ దారాలను తెంపి గడ్డలను తోటంతా చల్లుతాయి. ప్రతి గడ్డా ఒక కొత్త మొక్క. గరికా అంతే, ప్రతి కణుపూ మొలుస్తుంది. వయ్యారిభామ అయితే పూతకు రాకముందు దున్నితే పోతుంది కానీ తుంగకు టిల్లర్ అంటే పండగే. నేను మొదటి రెండేళ్లు నీలాగే దున్ని దున్ని పది గుంటలకూ తుంగ పంచిపెట్టాను.

పైగా మామిడికి ఆహారం తీసుకునే సన్న వేళ్లు పైపైనే ఉంటాయి. కొమ్మల నీడ కింద లోతుగా దున్నితే వాటినే కోస్తాం. బ్రష్ కట్టర్‌తో గడ్డి కోసి అక్కడే పరిచెయ్. నేలకు ఎండ తగలదు, తేమ నిలుస్తుంది.

చెలక_పటేల్ | 24 ఆగస్టు 2025, ఉదయం 6:50

అక్క చెప్పింది నిజం. మా నాయన కాలంలో మామిడి తోటల ఏడాదికి రెండుసార్లే నాగలి పెట్టేది, తొలకరికి ఒకసారి, వానలు వెనకబట్టినంక ఒకసారి. టిల్లర్ వచ్చినంక మనకు దున్నుడు ఓ సరదా అయింది.

అన్నా, లెక్క చెయ్. నీ యాభై గుంటల్లో మామిడి తీసేస్తే దున్నేది పన్నెండు గుంటలే. గట్టి నేల ఏడాదికి ఒకసారి పగలగొట్టాలంటే ట్రాక్టర్ రోటావేటర్ కిరాయికి పిలిస్తే గంటలోపే అయిపోతది. ఆ తర్వాత సాళ్ల నడుమ కలుపుకే నీకు మిషన్ కావాలి. దానికి 7 హెచ్‌పీ ఎందుకు?

నల్లరేగడి_గుంటూరు | 24 ఆగస్టు 2025, ఉదయం 7:30

పన్నెండు గుంటలకు ఎందుకు అంటే... సరే, ఒప్పుకుంటున్నాను. ఎకరం పది గుంటలు అని చదివి మొత్తం దున్నేదే అనుకున్నాను. కానీ టూ స్ట్రోక్ మళ్లీ కొనొద్దు. చెవులు పోతాయి, పొగ, ఆయిల్ కలపడం. చిన్న ఫోర్ స్ట్రోక్ వస్తున్నాయి కదా, 40 కిలోల లోపు. అవి చూడండి.

సీమబిడ్డ | 24 ఆగస్టు 2025, మధ్యాహ్నం 2:00

అనంతపురం నుంచి. కొనే ముందు సబ్సిడీ సంగతి చూసుకోండి. కేంద్రం 2014-15 నుంచి నడుపుతున్న వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళా రైతులకు 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా ఇస్తారు, గరిష్ఠ పరిమితికి లోబడి. పట్టా అమ్మ గారి పేరు మీద ఉంటే ఆవిడ పేరుతో అడగండి.

అయితే ప్రతి మిషన్‌కూ రాదు. గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష పాసైన మోడల్‌కే వస్తుంది. అలాంటి కేంద్ర సంస్థ ఒకటి మా జిల్లా గార్లదిన్నెలోనే ఉంది, వ్యవసాయ యంత్రాలు అక్కడికి పరీక్షకు వస్తాయి. సబ్సిడీ తీసుకోకపోయినా సరే, షాపువాడిని 'టెస్ట్ రిపోర్ట్ ఉందా' అని అడగండి. ఆ ప్రశ్నకు వాడి ముఖం ఎలా మారుతుందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

వీకెండ్‌రైతు | 31 ఆగస్టు 2025, రాత్రి 8:00

పట్టా అమ్మ పేరు మీదే ఉంది. ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) గారిని కలిశాను. జాబితా చూపించారు, కానీ అందులో ఉన్నవి అమ్మకు బరువు. మాకు సరిపోయేది లేదు. కాబట్టి సొంత డబ్బే.

వికారాబాద్‌లో ఒక షాపు, సిటీలో రెండు షాపులు తిరిగాను. ఒకచోట చిన్న ఫోర్ స్ట్రోక్ ఉంది, 38 కిలోలు. అమ్మను కూడా తీసుకెళ్లాను. ఎత్తి చూసి 'ఇది నడుస్తది' అంది. పన్నుతో కలిపి 39,200. వచ్చే వారం తీసుకుందామని.

సీమబిడ్డ | 4 సెప్టెంబర్ 2025, ఉదయం 8:15

వీకెండ్‌రైతు గారూ, కొనేశారా? కొనకపోతే ఆగండి! నిన్న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం చూశారా? వ్యవసాయ యంత్రాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. 22వ తేదీ నుంచి అమలు. మీ 39,200లో అసలు ధర 35,000, పన్ను 4,200. 22 తర్వాత పన్ను 1,750 మాత్రమే, మొత్తం 36,750. రెండున్నర వారాలు ఆగితే 2,450 మిగులుతాయి.

వీకెండ్‌రైతు | 4 సెప్టెంబర్ 2025, ఉదయం 8:40

ఈ శనివారమే వెళ్దామనుకున్నాను! ఆగుతాను. ఈలోపు కలుపుకు ఇద్దరు కూలీలను పెట్టుకుంటాను. ఆ 2,450 వాళ్లకే పోయేట్టుంది, అయినా సరే.

స్పానర్‌బాబాయ్ | 4 సెప్టెంబర్ 2025, రాత్రి 9:20

ఆగే లోపు ఆ షాపుకు ఒకసారి ఫోన్ చేసి మూడు వస్తువుల ధర అడుగు. తాడు స్టార్టర్ మొత్తం సెట్టు, గేర్‌బాక్స్ ఆయిల్ సీల్, కార్బరేటర్. 'ఉన్నాయి, ఇంత' అంటే కొను. 'తెప్పిస్తాం సార్' అంటే ఇంకోసారి ఆలోచించు. నీ పాతదాని కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

వీకెండ్‌రైతు | 27 సెప్టెంబర్ 2025, రాత్రి 7:50

కొన్నాను. 36,750. సీల్ షాపులోనే ఉంది, స్టార్టర్ సెట్టు కూడా. కార్బరేటర్‌కు రెండు రోజులన్నారు, పర్వాలేదనుకున్నాను. రెండు సీళ్లు అదనంగా కొనిపెట్టుకున్నాను.

షాపు కుర్రాడు 'పెట్రోలు పోసి లాగడమే సార్' అన్నాడు. బాబాయ్ మాటలు చదివి చదివి ఉన్నాను కదా, ఇంజన్ ఆయిల్ ఉందా అని అడిగాను. ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ తీస్తే ఒట్టి పొడి. వాడి మాట విని ఉంటే మొదటి రోజే ఇంజన్ పోయేది.

స్పానర్‌బాబాయ్ | 27 సెప్టెంబర్ 2025, రాత్రి 8:25

భేష్. ఫోర్ స్ట్రోకులను చాలావరకు ఆయిల్ లేకుండానే పంపుతారు. మొదటి ఆయిల్ 20 గంటలకే మార్చెయ్, కొత్త ఇంజన్ అరుగుడు పొడి అంతా అందులోకే వస్తుంది. తర్వాత పుస్తకంలో ఉన్నట్టు. పెట్రోల్లో పొరపాటున కూడా 2టీ కలపకు, అలవాటు చెయ్యి కదా. పళ్లు శుభ్రం చేయడానికి పడుకోబెట్టేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వంచు, లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌లోకి దిగుతుంది.

వీకెండ్‌రైతు | 5 అక్టోబర్ 2025, రాత్రి 8:15

మొదటి రోజు అనుభవం. స్టార్ట్ చేసి వదిలితే నన్నే లాక్కుని ముందుకు పరుగెత్తింది, నేల మీద గీతలు తప్ప దున్నింది ఏమీ లేదు. తిట్టుకుంటూ గంట గడిచాక చూస్తే, పళ్లు తిరగేసి బిగించాను. కుడివైపు సెట్టు ఎడమకు, ఎడమది కుడికి. పదునైన అంచు వెనక్కి ఉంది. సరిచేసి, వెనక ఉండే లోతు కమ్మీని రెండు రంధ్రాలు కిందికి దింపితే అప్పుడు నేలను పట్టింది. కమ్మీ నేలలో దిగి మిషన్‌ను ఆపుతుంటే పళ్లు అక్కడే తవ్వుతాయని ఇప్పుడు అర్థమైంది. పాతదానికి కూడా ఆ కమ్మీ ఉండేది. అడ్డమొస్తోందని మొదటి నెలలోనే విప్పేశాను!

వంగ సాళ్లలో బయటి పళ్ల సెట్లు తీసేసి నడిపాను. రెండడుగుల సాలులో ఇమిడింది. పన్నెండు గుంటలకు రెండు గంటలు. అమ్మ ఒక సాలు తోలింది. సాలు చివర నన్ను పిలవలేదు, తనే తిప్పుకుంది.

మామిడి జోలికి వెళ్లలేదు అక్కా.

బాబాయ్, పాత ఇంజన్ సంగతి చెబుతానన్నారు.

స్పానర్‌బాబాయ్ | 5 అక్టోబర్ 2025, రాత్రి 9:00

ఈ రకం టిల్లర్లలో చాలావాటికి బ్రష్ కట్టర్ ఇంజనే తెచ్చి తగిలిస్తారు. నాలుగు స్క్రూలు విప్పితే గేర్‌బాక్స్ నుంచి ఇంజన్ ఊడివస్తుంది. క్లచ్ కొలత, స్క్రూ రంధ్రాల దూరం కొలుచుకుని వెళ్తే, పాత బ్రష్ కట్టర్ రాడ్డు, కింద తల ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. కొత్త కాయిల్, గీత పడని పిస్టన్ ఉన్న ఇంజన్ అది. మామిడిలో గడ్డి కోయడానికి నీకు వేరే మిషన్ కొనే పనిలేదు. కాయిల్ సందుకు విజిటింగ్ కార్డు, లీటరుకు 40 మి.లీ. ఆయిల్ రెండూ గుర్తున్నాయి కదా? కళ్లజోడు, బూట్లు లేకుండా మాత్రం కట్టర్ పట్టుకోకు.

వీకెండ్‌రైతు | 19 అక్టోబర్ 2025, సాయంత్రం 6:05

రాడ్డు దొరికింది, 1,800. రంధ్రాలు సరిపోయాయి. ఇవాళ ఆరు చెట్ల కింద గడ్డి కోశాను. పాతదాని గొంతు అదే, దగ్గు మాత్రం లేదు.

పాత టిల్లర్ హ్యాండిల్, రెండు చక్రాలు, పళ్లు మిగిలాయి. ఎవరికైనా కావాలా? ఊరికే ఇస్తాను.

నల్లరేగడి_గుంటూరు | 19 అక్టోబర్ 2025, సాయంత్రం 6:20

పళ్లు నాకు కావాలి. కోళ్లు ఎక్కిన నా ఆటబొమ్మకు కాయిల్ వేసి చూద్దామనుకుంటున్నాను. బాబాయ్ గారూ, అది ఆగిన వెంటనే ముందు ఏం విప్పమన్నారు?